నికోడెమస్: రైలు రాకపోవడం వల్లే ఆ ఊరు పోయిందా? ఒక ప్రెయిరీ ఊరి పుట్టుక, ఎదుగుదల

క్లుప్తంగా: అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 1877లో నల్లజాతి కుటుంబాలు కట్టుకున్న ఊరు నికోడెమస్. పదేళ్లలో బ్యాంకు, హోటళ్లు, రెండు వారపత్రికలు ఉన్న టౌన్ అయింది. 1888లో రైలు నదికి అవతలి వైపు నుంచి వెళ్లిపోవడంతో దుకాణాలు లేచిపోయాయి. 2020 జనగణనలో అక్కడ తేలింది 14 మంది. "రైలు రాలేదు, ఊరు పోయింది" అని చాలాచోట్ల చదువుతాం. అది కొంతవరకే నిజం. భూమి చట్టం ఊరిని ఎలా చెదరగొట్టింది, చేతిలో డబ్బు లేకపోవడం ఏం చేసింది, ట్రాక్టరు వచ్చాక ఏం జరిగింది అన్నవి కూడా చూస్తేనే లెక్క తేలుతుంది.

అమెరికా, కెనడాల మధ్యభాగంలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా పరుచుకున్న గడ్డి మైదానాలను ప్రెయిరీ అంటారు. అక్కడి చిన్న ఊళ్ల చరిత్ర చదువుతుంటే మనకు కొన్ని విషయాలు అర్థం కావు. ఒక ఊరు ఫలానా తేదీన పుట్టిందని అంత కచ్చితంగా ఎలా చెబుతారు? పదేళ్లలో పత్రికలు పెట్టేంతగా పెరిగిన ఊరు తర్వాతి ఏడాదే ఖాళీ అవడం ఏంటి? ఇళ్లను పునాదుల మీంచి లేపి పక్క ఊరికి లాక్కెళ్లడం ఏంటి? ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు వెతకాలంటే నికోడెమస్ మంచి ఉదాహరణ, ఎందుకంటే దాని పుట్టుకకు సంబంధించిన కాగితాలు చాలావరకు మిగిలాయి.

కాన్సస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతా లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. వాళ్లలో ఐ-70 హైవే మీద డెన్వర్ దాకా కారులో వెళ్లినవాళ్లు ఈ ఊరికి నలభై యాభై కిలోమీటర్ల దక్షిణంగా దాటిపోయి ఉంటారు. అక్కడ ఆగి చూడాల్సిన చరిత్ర ఉందని చాలామందికి తెలియదు.

గీతలు ముందు, మనుషులు తర్వాత

ప్రెయిరీలో మనుషులు రాకముందే నేల మీద కొలత గీతలు పడ్డాయి. 1785 నాటి చట్టం ప్రకారం అమెరికా ప్రభుత్వం తన భూమినంతా చదరాలుగా కొలిపించింది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరాన్ని టౌన్‌షిప్ అంటారు. దాన్ని 36 సెక్షన్లుగా విడదీస్తారు, ఒక్కో సెక్షన్ ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. సెక్షన్‌లో నాలుగో వంతు 160 ఎకరాలు. వాగు ఎటు పోతోంది, గుట్ట ఎక్కడుంది అన్నది ఈ గీతలకు పట్టదు. తర్వాత కెనడా కూడా దాదాపు ఇదే పద్ధతి తీసుకుంది.

1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం ఈ 160 ఎకరాల ముక్కను కొలమానంగా పెట్టుకుంది. దరఖాస్తు రుసుము కట్టి, ఆ నేల మీదే ఐదేళ్లు కాపురముండి, సేద్యం చేస్తే పట్టా వస్తుంది. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం (1861-65) ముగిశాక నల్లజాతివారికి పౌరసత్వం రావడంతో ఈ హక్కు కాగితం మీద వాళ్లకూ వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో అప్పటికి వాళ్ల చేతికి భూమి రాలేదు. పాత యజమానుల పొలాల్లోనే పాలుకు సేద్యం చేస్తూ, విత్తనం దగ్గర్నుంచి తిండిగింజల దాకా అప్పు తెచ్చుకుని, పంట చేతికొచ్చేసరికి అప్పు కింద జమ వేసుకునే బతుకు. అలాంటివాళ్లకు 160 ఎకరాలు సొంతం అనే మాట ఎంత బలంగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

ఒక విషయం దాటవేయకూడదు. ఈ నేలను "ఖాళీ ప్రభుత్వ భూమి" అని కాగితాల్లో రాశారు గానీ అది ఖాళీగా ఉన్నది కాదు, ఖాళీ చేయించింది. ఏ తెగ పేరు మీద కాన్సస్‌కు ఆ పేరు వచ్చిందో ఆ కాన్సా తెగనే 1873లో ఇప్పటి ఓక్లహోమా వైపు పంపేశారు. ఉత్తరాన ఉన్న పానీ తెగవారు కూడా ఆ దశాబ్దంలోనే వెళ్లిపోవాల్సి వచ్చింది. వాళ్లకు ఆధారమైన అడవిదున్నల మందలను వేటగాళ్లు దాదాపు తుడిచిపెట్టేశారు. నికోడెమస్‌కు వచ్చినవాళ్లు నేల మీద పడి ఉన్న దున్నల ఎముకలు ఏరి, ఎరువుల కంపెనీలకు అమ్ముకుని మొదట్లో నాలుగు డబ్బులు చూశారు.

మూడు డాలర్ల కంపెనీ

ఇలాంటి ఊరికి పుట్టినరోజు ఎందుకు ఉంటుందంటే, అది ముందు కంపెనీగా రిజిస్టర్ అవుతుంది. నికోడెమస్ టౌన్ కంపెనీ 1877 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఏడుగురు కలిసి పెట్టారు. ఆరుగురు నల్లజాతివాళ్లు, ఒకరు తెల్లవారు. ఆ తెల్లవారు డబ్ల్యూ.ఆర్. హిల్, ఇండియానా నుంచి వచ్చిన భూముల వ్యాపారి. పాస్టర్ సైమన్ రౌండ్‌ట్రీ కంపెనీకి ముఖ్యమైన మనిషి. హిల్‌కు పక్కనే తన పేరుతో ఇంకో టౌన్ ఉంది, హిల్ సిటీ. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఒకే మనిషి రెండు ఊళ్లను పెంచుతున్నప్పుడు ఆయన మొగ్గు ఎటుంటుందో చెప్పనక్కర్లేదు. చివరికి ఈ రెండు ఊళ్లూ ఉన్న గ్రాహం కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కేంద్రం హిల్ సిటీకే దక్కింది.

1877 జులై 2 తేదీతో ఈ కంపెనీ వేసిన కరపత్రం ఒకటి మిగిలింది. దాన్ని నిదానంగా చదివితే ఇప్పటి వెంచర్ బ్రోచర్ చదివినట్టే ఉంటుంది. టౌన్ స్థలం చిరునామా అందులో ఇలా ఉంది: సెక్షన్ 1 వాయవ్య భాగం, టౌన్‌షిప్ 8, రేంజి 21 (రేంజి అంటే టౌన్‌షిప్‌ల నిలువు వరస). రాష్ట్ర రాజధాని టొపీకాకు 240 మైళ్లు పడమర. నల్లటి సారవంతమైన ఇసుక కలిసిన నేల, సాలమన్ నదిలో నిండుగా నీళ్లు, చుట్టూ ఊటలు, ఇళ్లు కట్టుకోవడానికి మెత్తని రాయి, పొయ్యికి సరిపడా కలప ఉన్నాయని రాశారు. బొగ్గు కూడా బాగా దొరుకుతుందనడంలో తమకు అనుమానం లేదట. అందులోనే తమ గురించి ఒక మాట చెప్పుకున్నారు: మొదలుపెట్టినప్పుడు ఖజానాలో మూడు డాలర్లు, పన్నెండు మంది సభ్యులు, ఇప్పుడు దాదాపు 300 మంది.

ఆ మూడు డాలర్ల మాట గర్వంగానే రాశారు. అయితే ఆ ఊరి తర్వాతి పదేళ్ల కష్టాలకు మూలం కూడా అక్కడే ఉంది. నేల బాగుందన్నది నిజమే. రాయి కూడా నిజమే, గనిలోంచి తీసినప్పుడు రంపంతో కోయగలిగేంత మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే సున్నపురాయి అది. కలప మాత్రం వాగుల వెంట కాస్త తప్ప లేదు, బొగ్గు గనులూ రాలేదు. భూమి ఉచితమే కావచ్చు, దాని మీద పంట తీయడానికి కావాల్సిన నాగలి, ఎద్దులు, విత్తనం, బావి, మొదటి ఏడాది తిండి ఏవీ ఉచితం కాదు.

కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో పంచిన ఇంకో కరపత్రం చూస్తే చేరినవాళ్ల స్థితి తెలుస్తుంది. సభ్యత్వం ఒక డాలరు. అది కూడా ఒక్కసారే కట్టలేకపోతే 25 సెంట్ల చొప్పున వాయిదాల్లో కట్టొచ్చు, సెప్టెంబరు ఒకటిలోగా. భూమి దాఖలుకు ఐదు డాలర్లు. ఒక డాలరును నాలుగు వాయిదాలు చేసుకునే కుటుంబాలు చెట్టు లేని మైదానంలో కొత్త వ్యవసాయం మొదలుపెట్టడానికి బయల్దేరాయి.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. నికోడెమస్ వాళ్లను 1879లో దక్షిణాది నుంచి వేలమంది ఒక్కసారిగా కాన్సస్‌కు తరలివచ్చిన "ఎక్సోడస్టర్ల"తో కలిపి రాస్తుంటారు. అది వేరే వలస. నికోడెమస్ కుటుంబాలు అంతకు రెండేళ్ల ముందే, ఎక్కువగా కెంటకీ నుంచి, కంపెనీ ద్వారా పద్ధతిగా వచ్చాయి. కెంటకీ అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన రాష్ట్రం కూడా కాదు. అయినా అక్కడ దాడులు, కూలి బతుకు తప్పలేదు.

నేలలోంచి లేచే పొగ

1877 సెప్టెంబరులో 300 మందికి పైగా జనం రైల్లో ఎల్లిస్ అనే స్టేషన్ దాకా వచ్చారు. అక్కడి నుంచి ఉత్తరంగా యాభై కిలోమీటర్ల పైచిలుకు, దారి లేని గడ్డిలో నడక, సామాన్లకు బండ్లు. తీరా చేరాక ఊరు లేదు. ముందొచ్చిన కొన్ని కుటుంబాలు గట్టు పక్కన నేల తొలుచుకుని ఉంటున్నాయి. చాలామంది మర్నాడే వెనుదిరిగారు. హిల్ మీద కోపం ఎంత పెరిగిందంటే ఆయన ప్రాణభయంతో దాక్కున్నాడని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు.

తర్వాతి వసంతంలో, 1878లో వచ్చిన బృందంలో విలియానా హిక్‌మన్ అనే ఆవిడ ఉన్నారు. ఆమె చెప్పిన జ్ఞాపకం ఈ ఊరి చరిత్రలో అందరూ తలుచుకునేది. ఎల్లిస్‌లో తట్టు సోకి కొందరు పిల్లలు చనిపోయారు. మిగిలినవాళ్లు బయల్దేరి వచ్చాక మగవాళ్లు "అదిగో నికోడెమస్" అన్నారు. ఆమె ఎంత చూసినా ఏమీ కనబడలేదు. ఎక్కడని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగను చూపించాడు. జనం ఆ నేల గదుల్లో ఉంటున్నారని తెలిసి ఆమె ఏడ్చేశారు. ఆమె అక్కడే ఉండిపోయారు, భర్త డేనియల్ హిక్‌మన్ పాస్టర్‌గా చర్చి నడిపారు.

ఈ నేల గదులు నిస్సహాయతలో కట్టుకున్నవి అనిపిస్తుంది గానీ, చేతిలో డబ్బు లేని చోట అవే తెలివైన ఏర్పాటు. గట్టును తొలిచి, ముందు వైపు మట్టి పలకలు పేర్చి, పైన కర్రలు, గడ్డి, మన్ను కప్పేవారు. గడ్డి వేళ్లు దట్టంగా అల్లుకున్న నేలను నాగలితో చీరితే పొడవాటి పలకలుగా లేస్తుంది, దాన్ని ముక్కలు కోసి ఇటుకల్లా వాడేవారు. మైదానంలో చలిగాలి అడ్డూ అదుపూ లేకుండా కొడుతుంది, నేల లోపల మాత్రం వెచ్చగా ఉంటుంది. వాన పడితే మాత్రం కప్పు రెండ్రోజులు కారుతూనే ఉంటుంది, పాములూ దిగుతాయి. పొయ్యిలోకి పొద్దుతిరుగుడు కాడలు, ఎండిన పేడ. పిడకల పొయ్యి మనకు కొత్త కాదు కాబట్టి ఈ ముక్క తేలిగ్గానే అర్థమవుతుంది.

అసలు చిక్కు పంటల కాలంతో వచ్చింది. సెప్టెంబరులో వచ్చినవాళ్లు ఆ ఏడాది ఏమీ విత్తలేరు. తర్వాతి పంట చేతికి రావడానికి దాదాపు పది నెలలు. ఆ చలికాలంలో వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ తెగవారు తమ మాంసంలో కొంత పంచి ఆదుకున్నారని ఊరి చరిత్ర చెబుతుంది. తమ నేల పోగొట్టుకున్న మనుషులు, ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన మనుషులకు అన్నం పెట్టిన సందర్భం అది. మగవాళ్లు రైల్వే పనులకు, తూర్పు వైపు పొలాల్లో కూలికి వెళ్లి డబ్బు పంపేవారు. వసంతం వచ్చేసరికి ఊరు మొత్తానికి గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వేళ్లు ఆరేడు అడుగుల లోతు దిగిన గడ్డినేలను కొందరు పారలతోనే తవ్వారు. అందుకే తొలి ఏడాదుల్లో 160 ఎకరాల పట్టాదారు సేద్యం చేసింది కొన్ని ఎకరాలే.

కాన్సస్‌లోని ఇతర ప్రాంతాలకు మనుషుల్ని పంపి విరాళాలు అడిగారు, వచ్చాయి కూడా. తర్వాత ఊరివాళ్లే కూర్చుని ఇక సాయం అడగకూడదని తీర్మానించుకున్నారు, కాలనీ సంఘాన్ని కూడా రద్దు చేశారు. ఉచితంగా తిండి దొరుకుతుందని తెలిస్తే ఏమీ లేనివాళ్లు ఇంకా వస్తారని, అందరూ మునుగుతారని భయం. ఆ నిర్ణయం కఠినంగా కనిపించినా ఊరు నిలబడటానికి అది ఉపయోగపడిందనే చెప్పాలి. అక్కడి నుంచి ప్రతి కుటుంబం తన పొలాన్ని తనే చూసుకుంది.

పదేళ్ల ఎదుగుదల

1880ల మొదట్లో వానలు కలిసొచ్చాయి. ఈ ప్రాంతానికి ఏడాదికి సగటున దాదాపు 20 అంగుళాల వాన పడుతుంది. అది సగటు మాత్రమే, మంచి ఏడాదికీ చెడ్డ ఏడాదికీ మధ్య తేడా చాలా ఎక్కువ. రాయలసీమ మెట్ట రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. వరసగా నాలుగైదు మంచి ఏళ్లు వస్తే ఇదే మామూలు అనుకుని జనం వచ్చేస్తారు, అప్పులిచ్చేవాళ్లూ ధైర్యం చేస్తారు, ఆ తర్వాత కరవు వచ్చి లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. పశ్చిమ కాన్సస్ చరిత్రంతా ఈ ఊపులే.

మంచి రోజుల్లో నికోడెమస్ వేగంగా పెరిగింది. జాక్ ఫ్లెచర్ మొదటి పోస్ట్‌మాస్టర్. ఆయన భార్య జెన్నీ స్మిత్ ఫ్లెచర్ తమ నేల గదిలోనే బడి మొదలుపెట్టారు. సున్నపురాయి భవనాలు లేచాయి. వాటిలో సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, 1885 నాటి ఆఫ్రికన్ మెథడిస్ట్ చర్చి ఇప్పటికీ ఉన్నాయి. 1886లో "వెస్టర్న్ సైక్లోన్", మరుసటి ఏడాది "నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్" అనే పత్రికలు వచ్చాయి. బ్యాంకు, మందుల షాపు, దుకాణాలు పెట్టుకున్నారు. తెల్లజాతి వ్యాపారులు కూడా వచ్చి షాపులు పెట్టారు. ఊరూ చుట్టుపక్కల కలిపి జనం 500 దాకా చేరింది.

ఐదొందల మందికి రెండు పత్రికలు ఎందుకంటే, ఈ పత్రికల పని వార్తలు చెప్పడంతో అయిపోదు. తూర్పున ఉన్న బంధువులకు పంపి జనాన్ని రప్పించడం, టౌన్ ప్లాట్లకు గిరాకీ తేవడం, రైల్వే కంపెనీల కంట్లో పడటం వాటి పని. దానికి తోడు, భూమి పట్టా తీసుకునేముందు ఆ విషయం స్థానిక పత్రికలో ప్రకటించాలన్న నిబంధన ఉండేది. ఆ ప్రకటనల డబ్బే చాలా ప్రెయిరీ పత్రికలకు ఊపిరి.

ఈ ఊరి నుంచి వచ్చిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యారు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్లు కూడా తిరగకముందే ఒక నల్లజాతి నాయకుడు రాష్ట్రమంతటి ఓట్లతో ఆ పదవికి రావడం చిన్న విషయం కాదు. ఆయన తర్వాత 1890లో ఓక్లహోమా వెళ్లి లాంగ్‌స్టన్ అనే నల్లజాతి టౌన్‌ను ప్రోత్సహించారు. 1907లో ఓక్లహోమా రాష్ట్రమవగానే జాతి వివక్ష చట్టాలు రావడంతో అక్కడి నుంచి కొన్ని కుటుంబాలు ఇంకా ఉత్తరానికి, కెనడాలోని ఆల్బర్టాకు వెళ్లి ఆంబర్ వ్యాలీ లాంటి ఊళ్లు కట్టుకున్నాయి. ఒకచోట దారి మూసుకుపోతే ఇంకోచోట నేల వెతుక్కుంటూ సాగిన ఈ గొలుసులో నికోడెమస్ తొలి కొలికి.

1887, 1888: రైలు దగ్గర ఏం జరిగింది

గోధుమ బరువైన సరుకు, ధర తక్కువ. బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్లి అదే రోజు తిరిగి రావాలంటే ఇరవై కిలోమీటర్లకు మించి కుదరదు. నికోడెమస్ రైతు యాభై కిలోమీటర్లు పోవాల్సి వచ్చేది, అంటే పోనూ రానూ మూడు రోజులు, దారిలో పశువుల మేత ఖర్చు. స్టేషన్ పక్కనే వచ్చిందంటే ఆ ఖర్చంతా రైతుకు మిగులుతుంది, కొనుగోలుదారు, గోదాము, దుకాణం అన్నీ స్టేషన్ చుట్టూ చేరతాయి. అందుకే ప్రతి ఊరూ రైలు కోసం పోటీపడింది.

ఆ పోటీలో వాడిన ఆయుధం బాండ్లు. ఊరివాళ్లు ఓటు వేసి తమ పన్నుల హామీ మీద అప్పు చేసి ఆ డబ్బు రైల్వే కంపెనీకి ఇస్తామంటారు. 1887లో నికోడెమస్ టౌన్‌షిప్ మిసోరీ పసిఫిక్ కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఓటు వేసింది. పదేళ్ల కింద మూడు డాలర్లతో మొదలైన సంఘానికి అది ఎంత పెద్ద మొత్తమో చూడండి. కంపెనీ మాత్రం లైను వేయలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ అనే ఇంకో కంపెనీ లైను సాలమన్ నదికి దక్షిణంగా వెళ్లింది. అక్కడి పనివాళ్ల శిబిరం బోగ్ అనే ఊరైంది. నికోడెమస్‌కు అది పది కిలోమీటర్ల లోపే. వ్యాపారులు తమ దుకాణాలనూ, కొందరు ఏకంగా భవనాలనూ నది దాటించి బోగ్ చేర్చారు. చెక్క భవనాలను కింద దుంగలు పెట్టి గుర్రాలతో లాక్కెళ్లడం ఆ కాలంలో అక్కడ మామూలే. పత్రికలు ఆగిపోయాయి.

రైల్వే కంపెనీలు నికోడెమస్‌ను ఎందుకు తప్పించాయన్నది చర్చనీయాంశమే. నది దాటే ఖర్చు, డబ్బు కొరత, జాతి వివక్ష అన్నీ కారణాలుగా చెబుతారు. ఇంకొక సాధారణ కారణం చాలా ఊళ్లకు వర్తిస్తుంది. అప్పటికే ఉన్న టౌన్‌లో ప్లాట్లు వేరేవాళ్ల చేతుల్లో ఉంటాయి, రైల్వేకు మిగిలేదేమీ లేదు. కొంచెం పక్కకు జరిగి సొంత నేల మీద కొత్త స్టేషన్ పెడితే ప్లాట్ల డబ్బు అంతా తనదే. అందుకే ప్రెయిరీ నిండా పాత టౌన్‌కు నాలుగైదు మైళ్ల దూరంలో కొత్త రైల్వే టౌన్ కనిపిస్తుంది.

రైలు లేకుండానే పెరిగిన ఊరు

రైలు తప్పిపోతే ఊరు చచ్చిపోవాల్సిందేనా? కెనడాలోని మానిటోబాలో ఉన్న స్టైన్‌బాక్ కాదంటుంది. 1874లో రష్యా సామ్రాజ్యం నుంచి, ఇప్పటి యుక్రెయిన్ ప్రాంతం నుంచి, వచ్చిన 18 మెనోనైట్ క్రైస్తవ కుటుంబాలు దాన్ని కట్టాయి. మతపరంగా యుద్ధాన్ని ఒప్పుకోనివాళ్లు, బలవంతపు సైనిక సేవ తప్పించుకోవడానికి వచ్చారు. ప్రధాన రైలు మార్గం ఈ ఊరి మీదుగా కూడా పోలేదు, స్టేషన్ పది కిలోమీటర్లు దాటి ఉండేది. అయినా 2021 జనగణనలో అక్కడ 17,806 మంది.

మొదటి తేడా ఇళ్లు ఎక్కడ కట్టుకున్నారన్నది. అమెరికా చట్టం ప్రకారం పట్టా కావాలంటే ఎవరి 160 ఎకరాల మీద వాళ్లు కాపురముండాలి. చదరపు మైలుకు నాలుగే కుటుంబాలు. ఊరు అనే చోట దుకాణదారులు, పాస్టరు, బడి పంతులు మిగులుతారు. అలాంటి టౌన్‌లో కాపురమున్నవాళ్లంతా వ్యాపారం మీద ఉన్నవాళ్లే, కాబట్టి వ్యాపారం కదిలితే టౌన్ కదులుతుంది. కెనడా మాత్రం మెనోనైట్లకు వెసులుబాటు ఇచ్చింది: ఇళ్లన్నీ ఒకే వీధిలో, పొలాలు ఊరి చుట్టూ ఉన్నా పట్టా వస్తుంది. అంటే మన ఊళ్ల పద్ధతే. ఎదురింటివాళ్లు కొనేవాళ్లయినప్పుడు చిన్న మర, కమ్మరి కొలిమి, దుకాణం రైలు లేకపోయినా బతుకుతాయి. ఆ వీధి పద్ధతి తర్వాతి తరాల్లో రద్దయినా ఈలోపు వ్యాపారం వేళ్లూనుకుంది.

ఇంకో తేడా డబ్బు. మెనోనైట్లూ సంపన్నులేం కాదు, అయితే వాళ్లకు కెనడా ప్రభుత్వం అప్పు ఇచ్చింది, అంటారియోలో ముందే స్థిరపడ్డ మెనోనైట్లు దానికి హామీ ఉన్నారు. తమలో తాము అప్పులు ఇచ్చిపుచ్చుకునే సంస్థ కూడా రష్యా నుంచి వెంట తెచ్చుకున్నారు. నికోడెమస్ వాళ్లకు హామీ ఉండేంత స్థోమత ఉన్న బంధువులు ఎక్కడున్నారు? అక్కడికి రావడానికి పన్నెండేళ్ల ముందు దాకా వాళ్లకు ఆస్తి ఉండే హక్కే లేదు, వాళ్లే ఆస్తి కింద లెక్క. ఈ పోలికలో ఈ ఒక్క తేడాను పక్కన పెడితే మిగతా లెక్కంతా తప్పుతుంది.

స్టైన్‌బాక్‌కు మూడో అనుకూలత దూరం. విన్నిపెగ్ నగరం 60 కిలోమీటర్లే. కార్లు వచ్చాక రోడ్డు మీద గంట ప్రయాణం, అదే ఊరు కార్ల అమ్మకానికి పేరు తెచ్చుకుంది. నికోడెమస్‌కు అంత దగ్గర్లో ఏ నగరమూ లేదు. కాబట్టి రైలు వచ్చినా నికోడెమస్ స్టైన్‌బాక్ అయ్యేదని చెప్పలేం.

రైలు వచ్చిన బోగ్ ఏమైంది?

రైలే అసలు కారణమైతే రైలు దక్కిన బోగ్ పెద్ద పట్నం అయి ఉండాలి. 2020లో బోగ్ జనాభా 155. గ్రాహం కౌంటీ మొత్తం జనాభా 1910లో 8,700. 2020లో 2,415. కౌంటీ కేంద్రం, రైలు, రోడ్డు అన్నీ ఉన్న ఊళ్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నాయి.

దీనికి కారణం పొలం సైజు. గుర్రాలతో 160 ఎకరాలు ఒక కుటుంబానికి పని. తక్కువ వాన పడే నేలలో నిజానికి ఆ ఆదాయం చాలదు కూడా, తడి నేలల లెక్కతో తూర్పున కూర్చుని పెట్టిన కొలత అది. ట్రాక్టరు, కంబైన్ హార్వెస్టర్ వచ్చాక ఒక కుటుంబం రెండు వేల ఎకరాలు చేయగలదు. అంటే పన్నెండు కుటుంబాల పొలం ఒకటే ఇంటికి. పదకొండు ఇళ్లు ఖాళీ అయితే బడిలో పిల్లలు తగ్గుతారు, బడి మూతపడితే పిల్లలున్న ఇంకో కుటుంబం కదులుతుంది, ఆ తర్వాత పోస్టాఫీసు. 1930లలో వరస కరవులు, దుమ్ము తుపానులు దీన్ని ఇంకా తొందరపెట్టాయి. నికోడెమస్ పోస్టాఫీసు 1953లో మూసేశారు.

1888 తర్వాత నికోడెమస్ ఒక్కసారిగా ఖాళీ కాలేదన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. దుకాణాలు వెళ్లిపోయాయి, రైతులు ఉండిపోయారు. పట్టా వాళ్ల చేతిలో ఉంది, నేలను దుంగల మీద పెట్టి లాక్కెళ్లలేరు కదా. 1907లో కొత్త బాప్టిస్ట్ చర్చి, 1918లో బడి భవనం, 1939లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద టౌన్‌షిప్ హాల్ కట్టుకున్నారు. టౌన్‌గా పోయిన యాభై ఏళ్ల తర్వాత కూడా హాలు కట్టుకునే సమాజం అక్కడ ఉందన్నమాట. 1950లలో అమెరికన్ ఫుట్‌బాల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఆడిన వెరిల్ స్విట్జర్ ఈ ఊరి రైతు కుటుంబం నుంచి వచ్చినవారే.

ఇప్పుడు

1996లో అమెరికా ప్రభుత్వం నికోడెమస్‌ను జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. రెండు చర్చిలు, హోటల్, బడి, హాలు, ఈ ఐదు భవనాలు దాని కిందకు వస్తాయి. టౌన్‌షిప్ హాల్లో సందర్శకుల కేంద్రం నడుస్తోంది. ఈ గుర్తింపుతో భవనాలకు మరమ్మతులు జరుగుతాయి, నాలుగైదు ఉద్యోగాలు వస్తాయి, దారిన పోయేవాళ్లు ఆగుతారు. జనాభా తిరిగి పెరగడానికి మాత్రం అది చాలదు, ఎందుకంటే జనాన్ని తగ్గించింది పొలాల లెక్క. అది మారే సూచనలు ఇప్పట్లో లేవు.

ఏటా జులై చివర్లో తొలి కుటుంబాల వారసులు దేశం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. బానిసత్వ విముక్తి పండుగగా మొదలైన ఈ కలయిక ఊరు పుట్టిన తొలి ఏళ్ల నుంచీ నడుస్తోంది. కొందరికి అక్కడ ఇంకా భూమి ఉంది, కౌలుకు ఇచ్చుకుంటున్నారు. భవనాలను ప్రభుత్వం చూసుకుంటుంది గానీ ఆ భూముల విషయం అలా కాదు. తరం మారేకొద్దీ వాటాలు చిన్నవవుతాయి, దూరాన ఉన్నవాళ్లకు అమ్ముకోవడమే సులువనిపిస్తుంది. 1888లో దుకాణాలన్నీ లేచిపోయినప్పుడు ఊరిని నిలబెట్టింది ఆ పట్టాలే కాబట్టి, నికోడెమస్ భవిష్యత్తు గురించి ఆలోచించేవాళ్లు ముందు చూడాల్సింది ఆ భూములు ఇకమీదట ఎవరి చేతిలో ఉంటాయన్నదే.